ఆకాశం నుంచి దిగే దండు: పారాచూటా? హెలికాప్టరా?

దండును శత్రువు వాకిటికి చేర్చడం ఎట్లా అన్న ప్రశ్న యుద్ధమంత పాతది. ఏనుగు, గుర్రం, పడవ, రైలు, మోటారు బండి ఒకదాని వెనుక ఒకటి ఆ ప్రశ్నకు సమాధానాలుగా వచ్చాయి. ఇరవయ్యవ శతాబ్దంలో మరి రెండు సమాధానాలు ఆకాశం నుంచి దిగివచ్చాయి. మొదటిది పారాచూట్. విమానం ఆగకుండా పోతూ ఉంటే సైనికుడు అందులో నుంచి దూకి, పట్టుగొడుగు కింద వేలాడుతూ నేలకు చేరుతాడు. రెండవది హెలికాప్టర్. అది నేలపై వాలుతుంది, లేదా నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున నిలుస్తుంది; సైనికులు గుంపుగా దిగి వెంటనే పరుగు తీస్తారు. దూరం నుంచి చూసేవారికి రెండూ ఒకటే అనిపిస్తాయి. సేనాపతికి మాత్రం అవి రెండు వేరువేరు పనిముట్లు. ఒకటి ఎంచుకోవలసినచోట మరొకటి ఎంచుకుంటే ఆ పొరపాటు వెలను సైనికులు ప్రాణాలతో చెల్లిస్తారు. సైన్యంలో చేరిన బిడ్డలు ఉన్న కుటుంబాలు శ్రీకాకుళం మొదలు విశాఖపట్నం వరకు అనేకం ఉన్నాయి. ఆ కుటుంబాలకు ఇది పుస్తకాలలో మిగిలిపోయే చర్చ కానేకాదు.

ఈ రెండు పనిముట్ల విలువ తెలుసుకోవడానికి మన ప్రాంతంలోనే ఒక మంచి గీటురాయి ఉన్నది. పాడేరుకు ఎగువన, ముంచింగిపుట్టుకు పోయే దారిలో పెదబయలు అనే ఊరు ఉన్నది. 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ ఏడు ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన మండలానికి అది కేంద్రం. సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున కొండల వరుసలు. వాటి నడుమ మెట్లుమెట్లుగా వరి పొలాలు. ఆ పొలాల పక్కన వంకలు తిరుగుతూ మాచ్‌ఖండ్ వైపు పారే మత్స్యగెడ్డ. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, పోర్జాలు, కోదులు అక్కడి నివాసులు. ఒక ఊరి నుంచి ఎదుటి కొండ మీది ఊరు కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. అయినా అక్కడికి చేరాలంటే దిగి, గెడ్డ దాటి, మళ్ళీ ఎక్కాలి. ఇటువంటి దేశంలో దండు ఎట్లా ప్రవేశిస్తుంది, ప్రవేశించి ఎట్లా నిలుస్తుంది? ఈ ప్రశ్న మన్యానికి హెలికాప్టర్‌తో పాటు వచ్చినది కాదు.

1879 మార్చిలో రంపలో తిరుగుబాటు లేచినప్పుడు మద్రాసు ప్రభుత్వం ఆ ఏడాది చివరికి ఆరు మద్రాసు పదాతి పటాలాలను, ఒక అశ్వదళాన్ని, హైదరాబాదు కంటిన్‌జెంట్ పదాతులను, రెండు కంపెనీల శాపర్లను, వందలాది పోలీసులను కొండల మీదికి పంపవలసి వచ్చింది. మైదానంలో అంత బలం ఒక రాజ్యాన్ని జయించగలదు. అడవిలో గుర్రాలు నిలువలేకపోయాయి; పటాలాలు మన్యపు జ్వరంతో మంచాన పడ్డాయి.

నలభై మూడేళ్ళకు అదే ప్రశ్న మరింత తీవ్రంగా తిరిగివచ్చింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేశారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులలో మూడు స్టేషన్ల ఆయుధాలు వారి చేతికి చిక్కాయి. మైదానపు జిల్లాల నుంచి రప్పించిన రిజర్వు పోలీసులు వెంట పడ్డారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో దళం ఒక సన్నని దారిన పోతూ ఉండగా, పొదలలో ఉన్నవారు ముందు నడిచే దేశీయ పోలీసులను పోనిచ్చి, వారి వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులను కాల్చివేశారు.

అప్పుడు ప్రభుత్వం తన ఎంపికను మార్చుకున్నది. మలబారులో 1921 నాటి తిరుగుబాటు తరువాత ఏర్పడిన మలబారు స్పెషల్ పోలీసు దళాన్ని తెప్పించారు. కొండా అడవీ వారికి కొత్తవి కావు. ఆ డిసెంబరులో పెద్దగడ్డపాలెం వద్ద తిరుగుబాటుదారులకు గట్టి దెబ్బ తగిలింది. అయినా పోరాటం ఆగలేదు. 1924 జనవరిలో ఈశాన్యపు కొండలలో ఆరితేరిన అస్సాం రైఫిల్స్‌ను తీసుకువచ్చారు. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా వచ్చి, గ్రామాలకూ తిరుగుబాటుదారులకూ మధ్య రాకపోకలను తెగగొట్టే పనికి పూనుకున్నాడు. మే 7న సీతారామరాజును పట్టుకొని కొయ్యూరులో కాల్చిచంపారు. జూన్‌లో గాం గంటందొర పోరులో నేలకొరిగాడు.

ఈ రెండేళ్ళ కథలో మన ప్రశ్నకు సంబంధించిన అంశం ఒకటి ఉన్నది. ప్రభుత్వం మూడు మారులు దళాన్ని మార్చింది. ప్రతి మార్పుతోనూ కొండ ఎక్కే శక్తి పెరిగింది. కాని కొండవాడికి ఉన్న ఒక్క బలం చివరి దాకా చెక్కుచెదరలేదు: దండు ఏ దారిన వస్తున్నదో అతనికి ముందే తెలిసేది. కాలిదారి ఒక్కటే ఉన్నంతకాలం ఆ దారి మీద కన్ను వేసి ఉంచితే చాలు. వచ్చే దారినే శత్రువుకు తెలియనీయకుండా చేయగలిగితే? ఆకాశం వైపు చూసిన సేనాపతులందరి మనసులోనూ ఉన్నది ఈ ఆశే.

ఆ ఆశను మొదట తీర్చజూచినది పారాచూట్. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనులు 1941 మే 20న క్రీటు ద్వీపం మీద పెద్దయెత్తున పారాచూట్ సైనికులను దింపారు. ద్వీపం వారి వశమైంది. కాని దూకినవారు గాలిలో ఉండగానే, ఆయుధాల పెట్టెలు వెతుక్కుంటూ ఉండగానే వేలసంఖ్యలో హతులయ్యారు. ఆ నష్టాన్ని చూసి హిట్లర్ అటువంటి పెద్ద దాడులు మళ్ళీ తలపెట్టలేదు. విచిత్రమేమంటే, అదే సంఘటనను చూసి అతని శత్రువులు తమ పారాచూట్ దళాలను పెంచుకున్నారు. 1944 సెప్టెంబరులో బ్రిటిషు సేనలు హాలెండులోని ఆర్నెమ్ వంతెన కోసం సుమారు పదివేల మందిని దింపాయి. నేలమార్గాన వచ్చి కలవవలసిన సైన్యం వేళకు రాలేదు. తిరిగి ఒడ్డు చేరినవారు రెండు వేలకు కొంచెం పైన. పారాచూట్ దళం ఎంత శూరమైనదైనా, తనతో తెచ్చుకున్న తూటాలూ రొట్టెలూ ఉన్నంతవరకే అది దళం. ఎవరో ఒకరు నేలమార్గాన వచ్చి కలవాలి. ఈ నియమాన్ని ఆర్నెమ్ తరువాత ఏ సేనాపతీ మరచిపోలేదు.

మన దేశంలో ఈ విద్యకు పునాది 1941లో పడింది. ఆ అక్టోబరులో ఢిల్లీలో 50వ పారాచూట్ బ్రిగేడ్ ఏర్పడింది. అక్టోబరు 15న కరాచీలో జరిగిన మొదటి దూకుళ్ళలో లెఫ్టినెంట్ ఏ.జి. రంగరాజ్ అనే వైద్యుడు ఉన్నాడు. పారాచూట్‌తో దూకిన తొలి భారతీయ సైనికులలో ఆయన ఒకడు. ఆయనే పదేళ్ళ తరువాత, 1951 మార్చి 23న, కొరియాలో అమెరికను పారాచూట్ సైనికులతో కలిసి మున్సాన్ వద్ద దిగిన భారతీయ వైద్యబృందానికి నాయకుడు. ఇంతటి శిక్షణ పొందిన బ్రిగేడ్ తన మొదటి పెద్ద యుద్ధం మాత్రం నేల మీదనే చేసింది. 1944 మార్చిలో మణిపురంలోని సాంగ్షాక్ వద్ద, జపాను సేన దారికి అడ్డంగా, సామాన్య పదాతులవలెనే అది పోరాడింది. ఆ బ్రిగేడ్‌కు చెందినవారితో కూర్చిన ఒక గూర్ఖా పటాలం 1945 మే 1న రంగూను దిగువన ఎలిఫెంట్ పాయింట్ వద్ద ఆకాశం నుంచి దిగింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1952లో, పారాచూట్ రెజిమెంటు ఏర్పడింది. అందులో చేరడం స్వచ్ఛందం. పరీక్షాకాలం గడవాలి, ఆగ్రాలో శిక్షణ పొందాలి, రాత్రిపూట దూకినదానితో కలిపి ఐదు దూకుళ్ళు పూర్తి చేస్తే రెక్కల గుర్తు దక్కుతుంది. దాని వెనుక ఉన్న పని ఎంత కష్టమైనదో ఒక చిన్న లెక్క చెబుతుంది. విమానం గంటకు సుమారు 220 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. అంటే క్షణానికి అరవై మీటర్లు. నలభైమంది క్షణానికి ఒకరు చొప్పున దూకితే మొదటివానికీ చివరివానికీ మధ్య రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం. రెండు ద్వారాల నుంచి ఒకేసారి దూకినా కిలోమీటరు దాటుతుంది. దీనికి గాలి తోడైతే పటాలం ఊళ్ళమీదా చెరువులమీదా చెల్లాచెదరుగా పడుతుంది. చీకటిలో వారంతా ఒకరినొకరు వెతుక్కొని ఒకచోట చేరేవరకు అది దళం కాదు, ఒంటరి మనుషుల సముదాయం. పెదబయలు లోయను మనసులో ఉంచుకొని ఈ లెక్కను మళ్ళీ చూడండి. పొలాల వెడల్పు ఎంత? ఆ పక్క అడవి చెట్ల ఎత్తు ఎంత? పారాచూట్‌కు విశాలమైన మైదానం కావాలి.

హెలికాప్టర్ ఈ లోటును తీర్చింది. అది ఒక కళ్ళం చాలునంటుంది. పదిమంది సైనికులు, వారి నాయకుడు, వారి తుపాకి, అందరూ ఒకేచోట దిగుతారు. గాయపడినవారిని వెనుకకు తీసుకుపోతుంది. అవసరమైతే దళాన్నే వెనుకకు తీసుకుపోతుంది. పారాచూట్ ఈ పని చేయలేదు. అన్నిటికంటె ముఖ్యమైన భేదం మరొకటి. పారాచూట్‌కు ఏరి శిక్షణ ఇచ్చిన సైనికుడు కావాలి. హెలికాప్టర్ ఏ పదాతినైనా కొద్దిపాటి అభ్యాసంతో మోసుకుపోగలదు. మరి లోపాలు లేవా? ఉన్నాయి. దాని పరుగు దూరం తక్కువ. ఎత్తు పెరిగిన కొద్దీ పలుచబడిన గాలిలో అది మోసే బరువు తగ్గుతుంది. దాని చప్పుడు లోయలో చాలా ముందే వినిపిస్తుంది. వాలే క్షణంలో అది నేల మీది తుపాకికి పెద్ద గురి. ఒక పెద్ద విమానం పారాచూట్ సైనికులను వందల మైళ్ళు మోసుకుపోయి రాత్రికి రాత్రే దింపగలదు. హెలికాప్టర్ యుద్ధరంగానికి దగ్గరలో తన స్థావరం వెతుక్కోవాలి.

ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన ప్రపంచం మొదట చూసినది 1956 నవంబరులో, సూయజు కాలువ వద్ద. 5వ తేదీన బ్రిటిషు పారాచూట్ పటాలం పోర్ట్ సయ్యద్ శివార్లలోని విమానాశ్రయం మీద దూకింది. మరునాడు ఓడల మీది నుంచి హెలికాప్టర్లు నాలుగు వందల పైచిలుకు మెరైన్ కమాండోలను సుమారు గంటన్నరలో ఒడ్డుకు చేర్చాయి. అమెరికనులు ఆ అనుభవాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయారు. 1965లో మొత్తం ఒక డివిజనునే హెలికాప్టర్ల మీద ఎక్కించి వియత్నాంకు పంపారు. అదే యుద్ధంలో వారు చేసిన చెప్పుకోదగ్గ పారాచూట్ దాడి 1967 ఫిబ్రవరి నాటిది ఒక్కటే. పారాచూట్ దళంగా పేరుమోసిన వారి 101వ డివిజను 1968లో హెలికాప్టర్ డివిజనుగా మారింది. అడవిదేశంలో ఏది పనికివస్తుందన్న ప్రశ్నకు వారిచ్చిన సమాధానం అది.

మన దేశ చరిత్రలో ఈ ఎంపిక సంపూర్ణంగా కనిపించినది 1971 డిసెంబరులో. విశాఖపట్నంవారికి ఆ యుద్ధమంటే 3వ తేదీ అర్ధరాత్రి రేవు ముందు మునిగిపోయిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ జ్ఞాపకం వస్తుంది. ఆ తరువాతి పన్నెండు రోజులలో, నేటి బంగ్లాదేశ్‌లో, మన సైన్యం పారాచూట్‌నూ హెలికాప్టర్‌నూ రెండింటినీ వాడింది. ఏది ఎక్కడ వాడారు, ఎందుకు వాడారు అన్నదే మనకు పాఠం.

తూర్పు దిక్కు నుంచి సాగిన నాలుగవ కోరుకు అధిపతి లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్. ఆయన 1961లో గోవా విమోచన సమయంలో 50వ పారాచూట్ బ్రిగేడ్‌ను నడిపినవాడు. అయినా 1971లో ఆయన చేయి చాచినది హెలికాప్టర్ల వైపు. డిసెంబరు 7న మి-4 హెలికాప్టర్లు ఐదవ గూర్ఖా రైఫిల్స్‌కు చెందిన నాలుగవ పటాలాన్ని సిల్హెట్ పట్టణం పక్కన దింపాయి. వాయుసేన వైపు ఈ పనిని నడిపినవాడు గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్. ఆ గూర్ఖాలు ఏరి తెచ్చిన వాయుదళం కాదు. అంతకు ముందే పోరాటాలలో నష్టపోయి అలసి ఉన్న సామాన్య పటాలం. అయిదు వందల లోపు మంది వేలాది శత్రువుల నడుమ దిగారు. రెండు రోజులలో సైన్యం వచ్చి కలుస్తుందన్నారు; అది రావడానికి వారం పైన పట్టింది. పట్టణంలోని దండు వారి మీదకు బలంగా విరుచుకుపడకపోవడానికి ఒక కారణాన్ని ఆ పోరాటంలో పాల్గొన్న మేజర్ ఇయాన్ కార్డోజో తరువాత చెప్పారు. దిగినది ఒక పటాలమైతే, ఒక విదేశీ రేడియో బ్రిగేడ్ దిగిందని ప్రసారం చేసింది. అది విన్న పట్టణపు సేనాధిపతులు నమ్మారు. విన్న మన పటాలంవారు ఆ నమ్మకం చెడకుండా, ఉన్న కొద్దిమందినే విశాలంగా పరచి ఎక్కువమంది ఉన్నట్లు కనిపించారు. సిల్హెట్‌లో శత్రుసేన చివరకు ఆయుధాలు అప్పగించింది.

ఆ సాహసం ఫలించడంతో సగత్ సింగ్ మరొక అడుగు వేశాడు. ఢాకాకు అడ్డంగా మేఘనా నది సముద్రపు పాయవలె విశాలంగా ఉన్నది. ఆశుగంజ్ వద్ద ఉన్న రైలు వంతెనను శత్రువు 9వ తేదీన పేల్చివేశాడు. నదిని దాటడం సగత్ సింగ్‌కు మొదట అప్పగించిన పనిలో లేదు. ఆ రాత్రే బ్రాహ్మణ్‌బారియా నుంచి హెలికాప్టర్లు నాలుగవ గార్డ్స్ పటాలాన్ని ఆవలి ఒడ్డున రాయ్‌పురాకు మోయసాగాయి. మి-4 ఒకటి మోయగలిగినది పధ్నాలుగు మంది వరకు. డజను పైచిలుకు యంత్రాలు రాత్రీ పగలూ తిరిగితేనే పని నడిచింది. చీకటిలో వాలడానికి నేల మీద చేతిదీపాలే గుర్తులు. హెలికాప్టర్ మోయలేనివాటిని మోసినవారు ఆ తీరపు పల్లెవాసులు. ఫిరంగులూ తూటాలూ సైనికులూ నాటుపడవల మీద నది దాటారు. ఈ భాగాన్ని యుద్ధగాథలు తరచుగా రెండు మాటలలో ముగిస్తాయి. పడవలు లేకపోతే ఆవలి ఒడ్డున దిగిన పటాలం గతి ఆర్నెమ్ గతి కాకపోవునా?

పారాచూట్ వంతు 11వ తేదీన వచ్చింది. ఉత్తరాన మైమెన్‌సింగ్ నుంచి ఒక పాకిస్తాను బ్రిగేడ్ ఢాకా రక్షణకు వెనుకకు తగ్గుతున్నది. దాని దారి కోయాలంటే టాంగైల్ వద్ద లోహజంగ్ నదిపై ఉన్న పూంగ్లీ వంతెనను పట్టుకోవాలి. అది సరిహద్దుకు చాలా లోపల. మన హెలికాప్టర్లన్నీ తూర్పున మేఘనా పనిలో ఉన్నవి. నేల బల్లపరుపు, పొలాలు విశాలం. లెఫ్టినెంట్ కర్నల్ కుల్వంత్ సింగ్ పన్ను నాయకత్వాన రెండవ పారాచూట్ పటాలం, సుమారు ఏడు వందల మంది, ఆ సాయంత్రం ఆకాశం నుంచి దిగింది. కొందరు గాలికి దూరంగా కొట్టుకుపోయారు. సామాను చెరువులలో పడింది. అప్పుడు ఊళ్ళవారు వచ్చి ఆ పెట్టెలను నెత్తిన పెట్టుకొని సైనికులకు చేర్చారు. దిగవలసిన చోటును నిర్ణయించడానికి మన అధికారి ఒకరు ముందుగానే వెళ్ళి, టాంగైల్ ప్రాంతంలో కాదర్ సిద్దీకీ నడిపే ముక్తివాహినితో కలిసి ఉన్నాడు. రాత్రికి వంతెన మనవారి చేతికి వచ్చింది. తగ్గివచ్చే బ్రిగేడ్ చెల్లాచెదరైంది. మరునాటి సాయంత్రానికి ఉత్తరం నుంచి మరాఠా పటాలం వచ్చి కలిసింది. నేలమార్గపు కలయిక అనుకున్న వేళకు జరిగిన పారాచూట్ దాడులు చరిత్రలో తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఇక్కడ కూడా వార్త తన పని తాను చేసింది. పత్రికలకు అందిన చిత్రం ఆగ్రాలో అంతకుముందు జరిగిన బ్రిగేడ్ అభ్యాసానిది. దిగినవారు అయిదువేల మంది అన్న మాట లోకమంతా పాకింది. ఢాకాలో ఉన్న జనరల్ నియాజీ గుండె దిగజారడానికి ఏడు వందల మంది ఎంత కారణమో, ఆ అయిదువేల మాట అంత కారణం. 16వ తేదీన లొంగుబాటు జరిగింది. మొదట ఢాకాలో అడుగుపెట్టినవారిలో టాంగైల్‌లో దూకిన ఆ పటాలం ఉన్నది.

ఒకే యుద్ధం, రెండు పనిముట్లు. దూరం ఎక్కువై, మైదానం విశాలమై, ఒక్క దెబ్బతో దారి కోయవలసినచోట పారాచూట్. దూరం తక్కువై, అడ్డం నది ఐ, పదేపదే తిరిగి మోయవలసినచోట హెలికాప్టర్. ఇంతవరకు యంత్రాల లెక్క. కాని టాంగైల్‌లో పెట్టెలు మోసినవారినీ, మేఘనాలో పడవలు నడిపినవారినీ ఈ లెక్క నుంచి తీసివేసి చూడండి. రెండు విజయాలూ అనుమానంలో పడతాయి. దిగినచోట ఎవరు ఎదురుచూస్తున్నారన్నది, ఎట్లా దిగామన్న దానికంటె పెద్ద ప్రశ్న అవుతుంది.

పదహారేళ్ళకు ఈ సత్యం మరొకవైపు నుంచి రుజువైంది. 1987 అక్టోబరు 11 రాత్రి శ్రీలంకలో మన శాంతిసేన జాఫ్నా విశ్వవిద్యాలయపు ఆవరణలో హెలికాప్టర్ దాడి తలపెట్టింది. ఎల్‌టీటీఈ నాయకులను అక్కడ పట్టుకోవాలన్నది సంకల్పం. మన సేన రేడియో సంభాషణలను వారు ముందే విన్నారు. మి-8 హెలికాప్టర్లు వాలే చోటుకు తుపాకులు గురిపెట్టి కూర్చున్నారు. కమాండోలు కొందరు దిగగలిగారు; వారి వెనుక పదమూడవ సిఖ్ లైట్ ఇన్‌ఫంట్రీ నుంచి ముప్పైమంది ఉన్న ఒక ప్లటూన్ దిగింది. దెబ్బతిన్న హెలికాప్టర్లు మళ్ళీ రాలేకపోయాయి. ఆ ముప్పైమందిలో ఇరవైతొమ్మిదిమంది మరణించారు. ఒక్కడు బందీగా చిక్కాడు. యంత్రం అదే, సాహసం అదే, సైనికుడి గుండెధైర్యం అదే. కాని 1971లో ఊరు సహాయంగా ఉన్నది; 1987లో దిగే చోటు శత్రువుకు ముందే తెలిసింది.

మరుసటి ఏడు మాల్దీవులలో మన సేనాపతులు మరొక విధంగా తెలివిగా ఎంచుకున్నారు. 1988 నవంబరు 3న తిరుగుబాటును అణచడానికి ఆగ్రా నుంచి పారాచూట్ బ్రిగేడ్‌వారు పెద్ద విమానాలలో బయలుదేరారు. హుల్‌హులే విమానాశ్రయం తిరుగుబాటుదారుల చేతికి చిక్కలేదని తెలిసింది. పారాచూట్ సైనికులు దూకలేదు. విమానం రన్‌వే మీదనే వాలింది. విద్య ఉన్నంతమాత్రాన దానిని ప్రదర్శించి తీరాలన్న నియమం లేదు.

ఇప్పుడు గీటురాయి వద్దకు, మన్యానికి, తిరిగివద్దాం. ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఈ కొండలు మళ్ళీ సాయుధుల తావులయ్యాయి. 1989లో కె.ఎస్. వ్యాస్ అనే పోలీసు అధికారి ఆంధ్రప్రదేశ్‌లో గ్రేహౌండ్స్ దళాన్ని నెలకొల్పారు. ఆయన ఎంచుకున్నది పారాచూట్‌నూ కాదు, హెలికాప్టర్‌నూ కాదు. చిన్న బృందాలుగా, రాత్రులందు, రోజుల తరబడి నడిచే కాళ్ళను. ఒక విధంగా అది 1922 నాటి ప్రశ్నకు మన్యమే నేర్పిన సమాధానం. హెలికాప్టర్ గాయపడినవారిని తీసుకుపోవడానికి, దూరపు స్థావరానికి సామాను చేర్చడానికి ఉపకరించింది. దాని చప్పుడు కొండ ఆవలి ఊరిదాకా పోతుంది గనుక రహస్యం కావలసినచోట నడకే మేలయింది.

అయినా రాకపోకల దారి ఒక్కటే అయినప్పుడు నడిచే దళం కూడా దామనపల్లి కనుమలో చిక్కినట్లే చిక్కుతుంది. పెదబయలు, ముంచింగిపుట్టు మండలాలకు ఆవల ఒడిశా వైపు సీలేరు మీద బలిమెల జలాశయం ఉన్నది. 2008 జూన్ 29న గాలింపు ముగించి పడవలో పోతున్న గ్రేహౌండ్స్ దళంపై గట్టు కొండల మీది నుంచి మావోయిస్టులు కాల్పులు జరిపారు. పడవ మునిగింది. ముప్పైఎనిమిదిమంది మరణించారు. ఆ కుటుంబాలలో అనేకం తెలుగు కుటుంబాలు. అడవిలో నడిచే విద్య నేర్చినవారికి నీటిమీద పొద చాటు లేకపోయింది. దళం ఏదైనా, ఒకచోటి నుంచి మరొకచోటికి మారే ఆ కొద్ది నిమిషాలే దాని బలహీనమైన వేళ. పారాచూట్ గాలిలో ఉన్నప్పుడూ, హెలికాప్టర్ వాలుతున్నప్పుడూ, పడవ నీటి నడుమ ఉన్నప్పుడూ అదే వేళ.

ఆ జలాశయం నీరు చుట్టుముట్టి దశాబ్దాలుగా సుమారు నూట యాభై ఊళ్ళను బయటి లోకం నుంచి వేరుచేసింది. ఆ ఊళ్ళవారు ఆసుపత్రికి పోవాలన్నా, సంతకు పోవాలన్నా పడవే గతి. 2018 జూలై 26న ఆ నీటిపై 910 మీటర్ల పొడవైన గురుప్రియ వంతెన ప్రారంభమైంది. ఆ తరువాత అటు పోయే పోలీసుకు పడవ అవసరం తగ్గింది. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొని ఇటు వచ్చే తల్లికీ తగ్గింది. దండును ఎట్లా చేర్చాలన్న ప్రశ్నకు ఇక్కడ ఒక వంతెన సమాధానమైంది.

సైన్యంలో చేరబోయే కుర్రవాడు ఏ దళం గొప్పదని ఇంట్లో అడిగితే పెద్దలు చెప్పదగిన మాట ఈ చరిత్రలో ఉన్నది. పారాచూట్ దళంలో చేరాలంటే మనసు గట్టిపడాలి, ఒళ్ళు గట్టిపడాలి. ఆ ఎర్రమట్టి రంగు టోపీ ఊరికే రాదు. హెలికాప్టర్ ఎక్కే అవకాశం ఏ పదాతికైనా రావచ్చు. సిల్హెట్‌లో దిగిన గూర్ఖాలకు ఆ అవకాశం ముందుగా చెప్పి రాలేదు. రెండింటిలోనూ నేల తగిలిన తరువాత మిగిలేది పదాతి పనే: నడవడం, తవ్వుకోవడం, నిలబడడం, పక్కవాడిని విడువకపోవడం. అక్కడ నేల మీద ఉన్న మనుషుల భాష తెలుసుకొని, వారి మంచిని పొందగలిగిన దండుకు టాంగైల్ పొలాలు దొరుకుతాయి. ఆ మంచిని పోగొట్టుకున్న దండుకు ఎన్ని రెక్కలున్నా ప్రతి లోయా దామనపల్లి కనుమే అవుతుంది.